మూడు గెంతులు

1976 జనవరి 8, గురువారం

గెర్లిండె క్రిస్మస్‌కి ఇచ్చిన డైరీ ఇది. మొదటి వారం పేజీలు ఖాళీగానే పోయాయి. మనసులో తిరిగేదంతా రాసుకుంటే నిద్ర పడుతుందని చెప్పింది. మాగ్డెబుర్గ్‌లో ఆఫీసు ఉద్యోగం కదా, ఇలాంటివి ఎక్కడో చదువుతుంది నా కూతురు.

నా మనసులో తిరిగేవి ఇవి. పొయ్యి తలుపు సరిగ్గా మూశానా? నేలమాళిగలో బంగాళాదుంపలు మొలకలెత్తుతున్నాయేమో. మంచంలో ఉన్న మా ఆయన ఎర్విన్‌కి సూప్ గొంతులో అడ్డం పడితే నేనొక్కదాన్నే ఏం చెయ్యగలను?

రాశాను. నిద్ర పట్టలేదు. లేచి పొయ్యి చూసి వచ్చాను. మూసే ఉంది.

జనవరి 10

చదరంగంలో ఎర్విన్ ఎత్తు వేశాడు. గుర్రం. ఎందుకు వేశాడో తెలీదు.

జనవరి 12, సోమవారం

సిస్టర్ మార్గిట్ వచ్చింది. ఎర్విన్‌ని పక్కకి తిప్పి వీపు చూసింది, పుళ్ళు లేవని నన్ను మెచ్చుకుంది. తర్వాత వంటింట్లో మాల్ట్ కాఫీ తాగుతూ అసలు సంగతి చెప్పింది. గెర్లిండె పెట్టిన దరఖాస్తు పైకి వెళ్ళిందట. మార్చిలో డాక్టరు వచ్చి ఎర్విన్‌కి తెలివి ఉందో లేదో చూసి రాస్తాడు. లేదని రాస్తే పట్నంలో ముసలివాళ్ళ ఇంట్లో మంచం ఇస్తారు. ఉందని రాస్తే ఇవ్వరు, ఇంట్లోనే ఉండాలి. మంచాలు తక్కువ.

ఆ దరఖాస్తు నా కోసమే పెట్టింది గెర్లిండె. నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.

బీట్‌దుంపలు తవ్వే రోజుల్లో పొలంలోనే పడిపోయాడు ఎర్విన్. కుడి పక్కంతా పోయింది. మాట పోయింది, 'త' అన్న ఒక్క శబ్దం మిగిలింది. సూప్ కావాలన్నా 'త', వద్దన్నా 'త'. లోపల ఏం మిగిలిందో పట్నం ఆస్పత్రి వాళ్ళే చెప్పలేకపోయారు. ఎడమ చెయ్యి ఒకటి కదులుతుంది. దాంతో ఎత్తులు వేస్తాడు.

సిస్టర్ వెళ్తూ మంచం పక్కనున్న చదరంగం పలకని చూసింది. "ఇద్దరూ ఆడుతున్నారా మిన్నమ్మగారూ, లేక రెండు వైపులా మీరేనా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె వెళ్ళాక నవ్వు రాలేదు. అతని చెయ్యి వణికి కాయలు దొర్లిపోయినప్పుడు వాటిని తిరిగి పెట్టేది నేనే. అతను వెయ్యాలనుకున్న చోటే పెడుతున్నానా?

జనవరి 15

నాతో పాటు వేషాల బట్టలు కుట్టే ట్రూదె వచ్చింది, బూట్ల నిండా మంచుతో. విప్పమంటే, విప్పితే మళ్ళీ తొడుక్కోవడానికి వంగలేనంది. నా గచ్చంతా తడి.

మనుషులే కాయలై నిలబడి ఆడే మన ఊరి ఆట బృందాన్ని మే నెలలో సముద్రం ఒడ్డుకి పిలిచారట. బస్సులో తీసుకెళ్తారు. బట్టలు కుట్టేవాళ్ళకి రెండు సీట్లు, ఒకటి నాదట.

"ఎర్విన్‌ని వదిలి ఎలా వస్తానే?"

"మేలో కదా. అప్పటికి ఏదో ఒకటి తేలిపోతుంది."

పోయిన ఏడు బంటు వేషం వేసిన మేవెస్ వాళ్ళ చిన్నది గుర్తుందా అని అడిగింది ట్రూదె. గుర్తుంది. అవతలి చివరి వరుసకి చేరింది, సంతోషపు గెంతులు మొదలుపెట్టింది, రెండో గెంతులోనే నేను కుట్టిన గౌను కాళ్ళకి చుట్టుకుని బోర్లా పడింది. కుచ్చిళ్ళు పొడుగైపోయాయి. ఆ తప్పు నాదే, ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది.

"లోకంలో అందరి బంట్లూ అవతలి గట్టు చేరగానే రాణులైపోతాయి. మనవి మాత్రం మూడు గెంతుల్లో వెనక్కి, పుట్టింటి గడికి రావాలి. వస్తేనే కిరీటం. అంతదూరం పోయినదాన్ని మళ్ళీ ఇంటికి రమ్మనే ఊరు మనదొక్కటేనే" అంది ట్రూదె.

నేను సముద్రం చూడలేదు. అరవై తొమ్మిదేళ్ళొచ్చాయి. చూడకపోతే ఏమౌతుంది. ఏమీ కాదు.

జనవరి 19

సీటు సంగతి ట్రూదె ఇంకొకరికి చెప్పేసిందేమో.

జనవరి 27, మంగళవారం

దుప్పట్లు రెండుసార్లు మార్చాను. పెరట్లో ఆరేస్తే కర్రల్లా గడ్డకట్టాయి. లోపలికి తెస్తుంటే జారాను. పడలేదు, గోడ పట్టుకున్నాను. నేను పడితే ఎవరు చూస్తారు? ఇద్దరం ఇక్కడే పడి ఉంటాం, సోమవారం సిస్టర్ వచ్చేదాకా. తలుపు గడియ వేసి ఉంటే ఆమె లోపలికెలా వస్తుంది? ఇవాళ్టి నుంచి గడియ వెయ్యను. వెయ్యకపోతే దొంగలు.

ఆట ఏమీ బాగాలేదు. ఎర్విన్ పాత పద్ధతే ఆడతాడు, బళ్ళో నేర్పే కొత్త పద్ధతి అతనికి పనికిరాదు. పాత పద్ధతిలో రెండు అంచు బంట్లూ రాణి ముందరి బంటూ మొదలుపెట్టక ముందే ముందుకు జరిపి ఉంటాయి, ఇద్దరివీ. తలకి తల ఆనించుకుని నిలబడతాయి. ఒక్క ఎత్తు కూడా వెయ్యకముందే మూడు వీధులు మూసేసినట్టు. మిగిలిన సందుల్లోంచి దూరి వెళ్ళాలి. ఎర్విన్ దూరడం లేదు. రెండు వారాల కింద బయటికి తెచ్చిన గుర్రాన్ని ఇవాళ మళ్ళీ తెచ్చి ఇంట్లో పెట్టాడు. ఏనుగుని ఒక గడి అటు, మర్నాడు ఒక గడి ఇటు. పూర్వం నేను ఇలాంటి ఎత్తు వెయ్యబోతే పొయ్యి దగ్గర నుంచే "మిన్నా, ఆలోచించి" అనేవాడు. ఊళ్ళో అందరూ అనేమాటే, చూస్తూ నిలబడ్డవాళ్ళు ఆడేవాళ్ళని హెచ్చరించడానికి. కానీ ఎర్విన్ అంటే నా చెయ్యి గాల్లోనే ఆగిపోయేది.

ఇవాళ ఆ మాట నేను అన్నాను అతనితో. 'త' అన్నాడు. గుర్రాన్ని ఇంట్లోనే వదిలేశాడు.

తెలివి లేదనే అనుకోవాలి. పాపం. తెలివి లేని మనిషికి ఈ గదైనా ఒకటే, ఆ గదైనా ఒకటే. అక్కడ వెచ్చగా ఉంటుందట. బొగ్గు మొయ్యక్కర్లేదు.

ఇది నేను నా కోసం అనుకోవడం లేదు.

ఫిబ్రవరి 3

బొగ్గు ఇటుకలు సగం తడిసి వచ్చాయి. పొగ.

ఫిబ్రవరి 9, సోమవారం

పొద్దున్నే రాస్తున్నాను, మర్చిపోకముందే. మర్చిపోను.

పొగకి పలకంతా మసి పట్టింది. తుడుద్దామని పెద్ద కాయలన్నీ తీసి దుప్పటి మీద పెట్టాను. రాజులు, రాణులు, గుర్రాలు, ఏనుగులు. బంట్లు మాత్రం ఉంచాను, వాటి చుట్టూ గుడ్డతో తుడుస్తున్నాను. అప్పుడు మామగారు గుర్తొచ్చారు. ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు ఆయన నన్ను ఇలాగే కూర్చోబెట్టి పెద్ద కాయలన్నీ తీసేసేవారు. "రైతుల్ని అడుగు" అనేవారు. మన వాళ్ళు బంట్లని రైతులనే అంటారు కదా. "గుర్రాలు ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. వాటిని నమ్ముకోకు. రైతులు వెనక్కి నడవలేరు, ఎక్కడ నిలబడ్డారో అక్కడే. ఏ పక్కకి వాలుగా నిలబడ్డారో చూడు, పని అటు ఉంటుంది" అని. నాకు అప్పుడు సగమే అర్థమైంది. ఆయనంటే భయం.

గుడ్డ చేతిలో పట్టుకుని ఉట్టి బంట్లనే చూశాను. నావి కాదు, ఎర్విన్‌వి. అవి ఒకదాని వెనక ఒకటి, మెట్లలాగా, అన్నీ ఎడమ అంచుకేసి వాలి ఉన్నాయి. అంచు బంటు నా అంచు బంటుకి తల ఆనించి ఇరుక్కుని ఉంది. దాని పక్క బంటు ఇంకా ఇంటి దగ్గరే ఉంది. ఆ పక్క బంటు గనక రెండు అడుగులు ముందుకు వస్తే, నా అంచు బంటు దాన్ని తినక తప్పదు. తినడానికి పక్కకి తప్పుకుంటుంది. తప్పుకుంటే అతని అంచు బంటుకి దారి మొత్తం ఖాళీ.

అప్పుడు దుప్పటి మీది కాయల్ని చూశాను. గుర్రం ఇంటికి ఎందుకు వెళ్ళింది? ఆ పక్క బంటుకి అడ్డం తప్పుకోవడానికి. అక్కడ నుంచి చుట్టుతిరిగి దాని వెనక నిలబడటానికి. ఏనుగు అటూ ఇటూ ఎందుకు తిరిగింది? అంచు వరుసలోకి వచ్చి కూర్చోవడానికి, నేను గమనించకుండా. నెల రోజులుగా అతను వేసిన పిచ్చి ఎత్తులన్నీ ఒకటే ఎత్తు.

మంచం అంచున కూర్చున్నాను. ఎర్విన్ నన్నే చూస్తున్నాడు.

కాయలు మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాను. ఏది ఎక్కడ ఉందో సగం గుర్తులేదు. నా గుర్రాన్ని ఒక గడిలో పెట్టాను. టక్, టక్, టక్ అని పలక మీద వేలితో కొట్టాడు. పక్క గడిలో పెట్టాను. మళ్ళీ కొట్టాడు. అసలు గడిలో పెట్టేదాకా ఊరుకోలేదు. రాణి దగ్గర కూడా అంతే. నిజం చెప్పాలంటే రాణిని కాస్త మంచి గడిలో పెట్టాను, చూద్దామని. అప్పుడు కొట్టడం కాదు, 'త' అని అరిచాడు. నోటి ఎడమ పక్క కొంచెం పైకి లేచింది. దొంగని పట్టుకున్నవాడి నవ్వు. నలభై ఆరేళ్ళుగా తెలిసిన నవ్వు.

ఉన్నాడు. లోపల మొత్తం ఉన్నాడు.

సంతోషించాను. సంతోషించానని రాస్తున్నాను.

ఫిబ్రవరి 9, మళ్ళీ

సిస్టర్ మార్గిట్ వచ్చి వెళ్ళింది. చాలా తొందరలో ఉంది, అందుకని చెప్పలేదు.

ఫిబ్రవరి 12

దుకాణం ఫోన్‌లో గెర్లిండెతో మాట్లాడాను. లైన్ బాగాలేదు, వెనక జనం. చెప్పలేదు. డాక్టరు వచ్చే రోజు సెలవు పెట్టి తనూ వస్తుందట. "నువ్వు బాగా నలిగిపోయావమ్మా" అంది. లైన్ బాగా లేకపోయినా ఆ మాట వినిపించింది.

ఫిబ్రవరి 16

సిస్టర్. మర్చిపోయాను.

ఫిబ్రవరి 17

ఊరి మధ్యలో ఆ రాతి బురుజు ఉంది. చిన్నప్పటి నుంచి వింటున్న కథే. వెయ్యేళ్ళ కింద ఎవరో దొరగారిని అందులో బంధిస్తే, కాపలా కాసిన రైతులకి ఆయన ఈ ఆట నేర్పాడు, అక్కణ్ణుంచే మనకి వచ్చింది. బళ్ళో పిల్లలంతా ఖైదీ బొమ్మ వేస్తారు. కాపలావాళ్ళ బొమ్మ ఎవరూ వెయ్యరు. తలుపుకి అవతలి పక్క కూర్చున్నా వాళ్ళకీ కదలడానికి లేదు. ఆయన్ని వదిలితే వాళ్ళ తల పోతుంది.

ఇలాంటివి రాయకూడదు. పొయ్యి చూసి వస్తాను.

ఫిబ్రవరి 22

ఎర్విన్ ఎత్తు నాకు తెలుసు కాబట్టి అడ్డుకోవచ్చు. నా గుర్రాన్ని ఆ పక్క బంటు ముందర పెట్టాను. నేను గెలవడానికే ఆడుతున్నాను. జాలిపడి ఆడితే ఎర్విన్‌కి కోపం, ఎప్పుడూ అంతే. కాబట్టి ఇది మామూలు ఆటే.

అతను చాలాసేపు చూసి తన గుర్రాన్నిచ్చి నా గుర్రాన్ని తీసేశాడు. దారి మళ్ళీ తెరుచుకుంది.

ఫిబ్రవరి 26

పక్క బంటు వచ్చింది. తినక తప్పలేదు.

మార్చి 1

ట్రూదె సీటు ఎవరికీ ఇవ్వలేదట. "నీ మొహం చూస్తే నువ్వే ఆ బురుజులో ఉన్నట్టున్నావే" అంది. ఊరికే అంది. తనకేం తెలుసు. సముద్రం దగ్గర గాలికి టోపీలు ఎగిరిపోతాయట, పిన్నులు పెట్టుకోవాలట. పిన్నులు ఉన్నాయి నా దగ్గర.

మార్చి 6

అంచు బంటు ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చేసింది. ఏనుగులన్నీ పోయాయి, అతనివీ నావీ. బంటు మాత్రం నా వైపు చివరి వరుసలో, నా రాజుకి దూరంగా, ఆ మూల నిలబడి ఉంది. ఇంక మూడు గెంతులు. దిగే గడి ఖాళీగా ఉంటేనే గెంతనిస్తారు. మొదటిది ఖాళీ. రెండోది కూడా.

మిగిలిన నా గుర్రాన్ని తీసుకెళ్ళి ఆ రెండో గడిలో కూర్చోబెట్టాను.

ఇది ఆటలో ఉన్నదే. ఎవరైనా అదే చేస్తారు.

మార్చి 11, గురువారం

డాక్టరు వచ్చాడు. కొత్తవాడు, డ్రెస్డెన్ వైపు మనిషి, మంచివాడు. చేతులు పొయ్యి దగ్గర వెచ్చబెట్టుకుని గానీ ఎర్విన్‌ని ముట్టుకోలేదు. గెర్లిండె పొద్దున బస్సుకే వచ్చింది, గుమ్మం దగ్గర నిలబడింది. సిస్టర్ రాలేదు.

వేలు ఎత్తమన్నాడు, కళ్ళు మూయమన్నాడు, ఇవాళ ఏ వారమో అడిగాడు. ఎర్విన్‌కి పరీక్షలంటే బళ్ళో ఉన్నప్పటి నుంచీ పడదు. కిటికీకేసి చూస్తూ ఊరుకున్నాడు. అప్పుడు డాక్టరు పలకని చూశాడు. మొహం వెలిగింది. "తాతగారూ, నేనూ ఆడతాను. కానివ్వండి, మీ ఎత్తేనా?" అన్నాడు.

ఎర్విన్ ఎత్తే. ఎడమ చెయ్యి పైకి లేచింది, చాలాసేపు గాల్లో ఉంది. మూలనున్న బంటు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు సంతోషించి పెట్టెలోంచి రాణిని తీసి అందించాడు, బంటు బదులు పెట్టుకోమని. ఎర్విన్ దాని వంక చూడలేదు. బంటుని పట్టుకుని, ఒక గడి దాటించి, వెనక్కి దించాడు.

"ఇటు కాదు తాతగారూ. బంటు వెనక్కి నడవదు" అన్నాడు డాక్టరు. మెల్లిగా తీసి మూలలో పెట్టాడు. ఎర్విన్ మళ్ళీ వెనక్కి గెంతించాడు. డాక్టరు మళ్ళీ పెట్టాడు. మూడోసారి ఎర్విన్ అతని చేతి మీద కొట్టాడు, "త! త!" అని.

డాక్టరుకి కోపం రాలేదు. జాలి వచ్చింది. అది ఇంకా కష్టంగా ఉంది చూడటానికి. కలం తీశాడు. "అమ్మా, ఆయన తరచు ఇలా చేస్తుంటారా?" అని అడిగాడు.

అవును అన్న మాట నా నోట్లోకి వచ్చింది. పూర్తిగా అబద్ధం కూడా కాదు. పెళ్ళైనప్పటి నుంచి చేస్తున్నాడు. అవును అంటే ఆయన రాసుకుంటాడు, వెళ్ళిపోతాడు. నేను ఏమీ చెయ్యలేదు, అడిగినదానికి జవాబు చెప్పాను, అంతే. నోరు తెరిచాను కూడా.

"అమ్మా, ఆలోచించి."

గెర్లిండె. గట్టిగా కాదు, గుమ్మంలోంచి. ఈ ఊరి బళ్ళో చదివింది. నేను కుట్టిన గౌన్లో నడి వీధిలో గెంతిన పిల్ల. తనకి తెలుసు. తనే చెప్పొచ్చు. చెప్పలేదు, ఆ ఒక్క మాట అని ఊరుకుంది. ఎర్విన్ మెడ తిప్పి కూతురి వంక చూశాడు, తర్వాత నా వంక.

"తరచు కాదు డాక్టరుగారూ" అన్నాను. "బంటు అవతలి గట్టు చేరినప్పుడే. మా ఊళ్ళో అది మూడు గెంతుల్లో ఇంటికొస్తేనే రాణి. ఆయన సరిగ్గానే ఆడారు. రెండు నెలల నుంచి దీనికోసమే ఆడుతున్నారు."

డాక్టరు కలం ఆగింది. ఆయనేమీ చిన్నబుచ్చుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, తర్వాతి గెంతు ఎక్కడికో చూపించమన్నాడు. వేలితో చూపించాను.

"అక్కడ మీ గుర్రం ఉందిగా?"

"ఉంది."

నా మొహం చూశాడు. తెలివి ఉందని రాశాడు, నాకు చదివి వినిపించాడు. మంచం ఇంకొకరికి వెళ్తుంది. వెళ్తూ ఎర్విన్ ఎడమ చెయ్యి పట్టుకుని ఊపాడు, ఓడిపోయినవాళ్ళు గెలిచినవాళ్ళ చెయ్యి ఊపినట్టు.

వంటింట్లో గిన్నెలు తుడుస్తూ గెర్లిండె అంది: "నువ్వు అవునని ఉంటే నేనేమీ అనేదాన్ని కాదమ్మా."

"మరి ఆ మాట ఎందుకు అన్నావు?"

"తొందరపడతావని. ఏ వైపుకైనా."

నేను పొయ్యి చూడటానికి వెళ్ళాను. మూసే ఉంది. అక్కడే కాసేపు నిలబడ్డాను.

మార్చి 12

గెర్లిండె వెళ్ళింది. మేలో ఆ వారం సెలవు దొరుకుతుందేమో అడుగుతానంది. దొరకదు. దొరికినా ఎర్విన్ గొంతులో సూప్ అడ్డం పడకుండా ఎలా పట్టాలో తనకి తెలీదు. నేర్పాలి. నేర్పినా, నేను అక్కడ గాలికి నిలబడి ఇక్కడ ఏమౌతోందో అనుకుంటూనే ఉంటాను.

ట్రూదెకి ఏమీ చెప్పలేదు ఇంకా.

నా ఎత్తు. వెయ్యలేదు.

మార్చి 13

వెయ్యలేదు. నడుం నొప్పి.

మార్చి 14, ఆదివారం

వాన. మంచు కరుగుతోంది, పెరడంతా బురద. ఎర్విన్‌కి గడ్డం గీశాను. కుడి బుగ్గ జారిపోతుంది, వేలితో లాగి పట్టుకోవాలి. గీస్తున్నంతసేపూ పలకనే చూస్తున్నాడు. అడగడు. నాలుగు రోజులుగా ఒక్కసారి కూడా వేలితో కొట్టలేదు, తొందర పెట్టలేదు. బంటు సగం దారిలో నిలబడి ఉంది, దాని ముందర గడిలో నా గుర్రం.

ఆ గుర్రం అక్కడ ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. దాన్ని కదిలించే కాయ అతని దగ్గర లేదు. రాజుని అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చోవచ్చు నేను, వేసవి దాకా, ఇద్దరిలో ఒకరు పోయేదాకా. తప్పేమీ కాదు.

సబ్బు నీళ్ళు పారబోసి వచ్చి కూర్చున్నాను. చేతులు తుడుచుకుని గుర్రాన్ని ఎత్తాను. తీసుకెళ్ళి పక్కన పెట్టాను. మంచి గడి కాదు, అక్కడ దానికి పనేమీ లేదు.

టక్, టక్ అని ఎర్విన్ పలక మీద కొట్టాడు. మొహం గంభీరంగా ఉంది. తప్పెత్తు వేస్తున్నావని హెచ్చరించేటప్పుడు పెట్టే మొహం.

"ఆలోచించే తీశాను" అన్నాను. "నువ్వు గెంతు."